అమెరికను కారుపై అపవాదు



పెద్ద అమెరికను కార్లు ఆంగ్లేయుల ఇరుకు బాటలకును, మన పల్లెదారులకును తగని ఆడంబరములని గత సంచికలో వ్యాసకర్తగారు వ్రాసిన మాటతో నేనేకీభవింపజాలను. బ్రిటనులో అవి అరుదగుటకు బాటలకంటె పన్నులే ముఖ్యకారణము. 1915లో విదేశీ కార్లపై మూడవవంతు సుంకము పడెను. 1921 నుండి సిలిండరు వ్యాసమునుబట్టి అశ్వశక్తిని గణించి, అశ్వశక్తి కొక పౌను చొప్పున ఏటేటా పన్ను గైకొనిరి. వెడల్పైన సిలిండర్లుగల అమెరికను ఇంజనుకు ఇది గుదిబండ యయ్యెను. ఆ లెక్క 1947లో తొలగినను అపవాదు తొలగలేదు.

ఇక మన పల్లెదారుల మాట. మా తండ్రిగారి కారు డాడ్జ్ కింగ్స్‌వే, అమెరికను భాగములతో బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారమున కూర్పబడినది, స్టీరింగు కుడివైపుననే కలది. దుండిగల్ నుండి మా బౌరంపేట్‌కు వచ్చు గతుకుల మట్టిబాటపై, ఎడ్లబండి వెనుక నడకవేగమునకు దిగియు, దాని ఆరు సిలిండర్ల ఇంజను ఆగక, వణకక సాగుట బాల్యమున వెనుక సీటునుండి ఎన్నిమారులో చూచితిని. పెట్రోలు అధికముగ త్రాగుననుట సత్యమే, కాదనను. మన దారులకు తగదనుట మాత్రము అన్యాయము. వ్యాసకర్తగారు మా యూరికి దయచేసినచో ఆ వాహనమున స్వయముగ కూర్చుండబెట్టి త్రిప్పి చూపగలను.

ఇట్లు,
ఒక పాఠకుడు, బౌరంపేట్