గృహ విజ్ఞానము: చెడిన తోలు సంచులు



వానకాలము వెళ్లి ఎండ మొగము చూపగానే బీరువాలు తెరచి పట్టుబట్టలను గాలికి ఆరవేయుట మన యిండ్లలో పరిపాటి. ఆ సమయముననే బీరువా యడుగున, పాత చీరల మాటున, ఒక తోలు చేతిసంచి బూజు పట్టి కానవచ్చును. విదేశములందున్న కుమారుడో అల్లుడో తెచ్చి యిచ్చినది. దాని వెల వేలు దాటి లక్షలలో నుండిన నుండవచ్చును. ఇల్లాలు నొచ్చుకొని, వెంటనే చేతికందిన దానితో దానిని బాగుచేయ బూనుకొనును. కొబ్బరినూనె పూయును, ఎండలో పెట్టును, సబ్బునీటితో కడుగును. నేను చూచినంతలో ఇట్టి సంచులలో వాడుకచేత చెడినవి తక్కువ, ఈ యుపచారములచేత చెడినవి యెక్కువ. కావున ఈ నెల ఆ విషయమును గూర్చియే వ్రాయుచున్నాను.

తోలు మనకు క్రొత్త వస్తువు కాదు. కమ్మరి కొలిమి తిత్తి తోలుది. బావిలోనుండి నీరు తోడు మోటకు తొండము తోలుది. పచ్చితోలు తడిలో కుళ్లును, ఎండలో కట్టెవలె బిగిసికొనును. ఆ రెండును కాకుండ దానిని పదును చేయుటకు మనవారు తంగేటి పట్టను, కరక్కాయను వాడిరి. బతుకమ్మలో పేర్చు బంగారు వన్నె తంగేటిపూవు మనకందరకు తెలియును గాని, ఆ చెట్టు పట్టతో పదును చేసిన తోళ్లు పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రేవునుండి ఓడలపై ఇంగ్లండునకు పోయినవని తెలిసినవారు తక్కువ. పట్టలోని వగరే తోలును నిలుపును. ఆ శతాబ్దపు చివరి పాదమున క్రోమియపు లవణములతో పదును చేయు పద్ధతి వచ్చెను. 1884లో అమెరికాలో దానికి పేటెంటు పుచ్చుకొనిరి. నేడు లోకమందలి తోళ్లలో అధికభాగము ఆ రెండవ పద్ధతివే.

ఈ భేదము మనకెందుకనగా, పట్టతో పదును చేసిన తోలు నీటిచుక్కను పీల్చి మరక పడును, వెలుతురు తగిలి క్రమముగా తేనెవన్నెకు తిరుగును, తడియారని ఇనుము తగిలినచో నల్లబడును. ఈ చివరి మాట విని ఆశ్చర్యపడనక్కరలేదు. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి పెద్దలు వ్రాతకు సిరా చేయలేదా? అన్నభేది ఇనుప లవణమే. వగరును ఇనుమును తడిలో కలిసిన పుట్టునది సిరాయే. కనుక తడిసిన సంచిలో ఇనుప పిన్నీసులు, తాళపుచెవులు విడిచిపెట్టి, మరునాడు నల్లచుక్కలు చూచి పనిమనిషిని కోపపడుట అన్యాయము.

చేతనున్న సంచి ఎట్టిదో తెలిసికొనుటకు, లోపలి మడతలో ఎవరికిని కనబడని చోట ఒక్క నీటిబొట్టు వేలికొనతో ఉంచవలెను. బొట్టు ఇంకి ఆ చోటు నల్లనయినచో అది పైపూత లేని తోలు; దానిని తడితో తాకరాదు. బొట్టు తామరాకుపై నీటివలె నిలిచిన, పైన రంగు పూత కలదని యర్థము. దానిని కొంచెము తడిగుడ్డతో తుడువవచ్చును. ఇక పైపొర రేకులుగా ఊడి, క్రింద నేసిన గుడ్డ కానవచ్చెనా, అది తోలే కాదు, గుడ్డమీద పాలీయురెథేను పూత. మన తీరప్రాంతపు ఉక్కలో అట్టి పూత గాలిలోని తేమకే కొన్ని యేండ్లలో విరిగిపోవును. దానిని నిలుపు వైద్యము లేదు. ఎంత వెల పెట్టి కొన్నను సరే, అట్టిదానిపై మరల డబ్బు పోయవద్దు.

బూజు సంగతి. గాలిలో తేమ నూటికి డెబ్బది పాళ్లకు మించి కొన్నాళ్లు నిలిచినచో తోలుపై బూజు పెరుగును. అయితే తెల్లగా కనబడినదెల్ల బూజు కాదు. తోలులోని క్రొవ్వు చలికి పైకి వచ్చి తెల్లని పొరవలె పేరుకొనుట కలదు. కొబ్బరినూనె పూసిన సంచులకు ఇది మరింత సహజము. మార్గశిరమాసమున సీసాలో పేరుకొను నూనె తోలులో పేరుకొనకుండునా? జుట్టు ఆరబెట్టు యంత్రమును మిక్కిలి తక్కువ వేడిమీద ఉంచి, దూరమునుండి కొంచెము వెచ్చదనము చూపుడు. క్రొవ్వైన కరగి మాయమగును, బూజైన అట్లే యుండును.

బూజేయని తేలినపుడు సంచిని ఇంటి వెలుపలికి కొనిపోయి, పమిటచెంగు ముక్కునకు అడ్డముగా కట్టుకొని, మెత్తని పొడి బ్రష్షుతో దులుపవలెను. ఇంటిలో దులిపినచో ఆ పొడి పట్టుచీరలమీదికి పోయి చేరును. లోని గుడ్డను బయటికి తిరుగదీసి దానిని గూడ దులుపుడు. రంగు పూత గల తోలైనచో, మందుల దుకాణమున దొరకు సర్జికల్ స్పిరిటును అంతే నీటితో కలిపి, గుడ్డను ముంచి గట్టిగా పిండి, ముందు చాటుచోట పరీక్షించి, రంగు గుడ్డకు అంటకున్న పిమ్మటనే పైన తుడువవలెను. పూత లేని తోలునకు ఈ స్పిరిటు పనికిరాదు. తరువాత రెండు మూడు దినములు నీడలో, గాలి యాడుచోట ఉంచుడు. ఎండ వద్దు. తడిసిన తోలు వేడికి ముడుచుకొనిపోవును. ఆ ముడుత మరల విప్పబడదు. వాసన పోవుటకు వంటసోడాను గిన్నెలో పోసి, మూతగల పెట్టెలో సంచిప్రక్కన నుంచిన చాలును, తోలుమీద చల్లరాదు.

నూనె మరకకు ముఖమునకద్దుకొను టాల్కు పొడి మంచిది. మరకపై దట్టముగా చల్లి రాత్రియంతయు వదలి ఉదయమున మెల్లగా దులుపవలెను. ముగ్గుపిండి వాడరాదు, అది తోలును గీచును. సిరా మరకను మాత్రము ఇంట తాకవద్దు. స్పిరిటు సిరాతోపాటు రంగును గూడ కరగించి, వ్రేలంత మరకను అరచేయంత చేయును. కొక్కెములు, తాళములు ఇత్తడివని తలచి చింతపండుతో తోముట మరియొక పొరపాటు. వానిలో పెక్కులకు పైని బంగారు నీరు మాత్రమే యుండును. నాలుగుసార్లు తోమిన బంగారము పోవును, చింతపండు పులుపు ప్రక్కతోలును పాడుచేయును. పొడిగుడ్డయే చాలును.

ఇపుడు నాకు వచ్చిన ఒక జాబును గూర్చి చెప్పవలెను. గోదావరీ తీరమునుండి ఒక సోదరి వ్రాసినది. ఆమె తల్లిగారు కుమారునివద్దకు ఫ్రాన్సునకు పోయి, అచట అతడు కొనియిచ్చిన తోలుసంచిని తెచ్చుకొని, గుడికి, ఆసుపత్రికి, పెండ్లిండ్లకు దానినే పట్టుకొని తిరిగెనట. నిరుడు ఆమె స్వర్గస్థురాలయ్యెను. సంచి పిడి ఒకవైపు కుట్లు ఊడినవి. పిడి నడుమ, ఆమె చేయి పట్టినచోట, తోలు నల్లబడి నునుపుదేరినది. రాబోవు మాఘమాసమున మనుమరాలి వివాహము. ఆ పిల్ల అమ్మమ్మ సంచినే పట్టుకొని అత్తవారింటికి పోదునని పట్టుపట్టినది. పట్టణమందలి ఒక దుకాణదారు సంచికంతకు క్రొత్త రంగు వేసి దుకాణమునుండి అప్పుడే తెచ్చినట్లు చేసి యిత్తునన్నాడట. "అమ్మ చేతి మరక పోవునా? పోగొట్టవలెనా?" అని ఆ సోదరి యడిగినది.

అమ్మా, ఆ మరక పోదు. మీరు వ్రాసినదానినిబట్టి అది పూత లేని తోలు. చేతి చెమటయు నూనెయు ఏండ్ల తరబడి లోపలికి దిగినవి. దుకాణదారుడు దానిని తీయడు, పైని రంగుతో కప్పును. ఒకసారి అట్లు కప్పిన తోలు మరల తన తొల్లింటి రూపునకు రాదు. పైగా వంగుచోటులందు ఆ రంగు కొన్నాళ్లకు పగులును. తయారుచేసిన కంపెనీలలో కొన్ని, ఇతరులు రంగు వేసిన సంచిని తరువాత తమ మరమ్మతుశాలకు తీసికొనుటకే యొప్పుకొనవు. మొదటినుండియు రంగు పూత గల సంచి మూలలు వెలిసినపుడు అదే రంగు వేయించుట వేరు సంగతి. దానికి నేనడ్డు చెప్పను. మీ సంచికి మాత్రము వేయింపవద్దు.

వెలమాట యెత్తిరి గావున చెప్పుచున్నాను. పారిసునందలి ఎర్మెస్ అను కంపెనీ 1837లో గుఱ్ఱపు సరంజామా కుట్టుటకు పుట్టినది. 1984లో వారు జేన్ బిర్కిన్ అను నటీమణి కొఱకు ఒక సంచి కుట్టిరి. ఆమె పేరనే నేడు ఆ తరహా సంచులు ప్రపంచమెల్ల ప్రఖ్యాతములు. ఆమె తన సంచిని దాచుకొనలేదు. నిండుగా సామాను కూరి, తాను నమ్మిన ధర్మకార్యముల కాగితపు బిళ్లలు దానిపై అంటించి, ఏండ్ల తరబడి వాడి, 1994లో ఎయిడ్సు రోగుల సహాయనిధికై వేలమున కిచ్చివేసినది. 2023లో ఆమె మరణించెను. ఆ సంచియే 2025 జూలైలో పారిసున సదబీస్ వారి వేలమునకు మరల వచ్చినపుడు సుమారు 86 లక్షల యూరోలకు పోయెను. మన రూపాయలలో ఎనుబది కోట్లకు పైమాట. గీతలు, మరకలు, బిళ్లలు ఊడిన గుర్తులు అన్నియు దానిమీదనే యున్నవి. ఎవరును వానిని తుడిపివేయలేదు. మీ తల్లిగారి సంచిని ఎవరును కోట్లకు కొనరు. కాని మీ యమ్మాయి అడుగుచున్నది అమ్మమ్మ సంచినే గదా, దుకాణపు సంచిని కాదు గదా.

ఆ పిల్లకు కావలసినది తెగని పిడి. ఈ కుట్టుపని మాత్రము బాగుగా చేయింపవలెను. జీనులు కుట్టువారి పద్ధతిలో ఒకే దారమునకు రెండు కొనలను రెండు సూదులుండును. ఆరెతో పొడిచిన ప్రతి చిల్లిలోను రెండు సూదులును ఎదురెదురుగా దాటును. అందుచేత ఒక కుట్టు తెగినను ప్రక్కకుట్టు నిలుచును. యంత్రపు కుట్టులో పై దారము క్రింది దారముతో పెనగొని యుండును గనుక, ఒకచోట తెగిన వరుసగా ఊడుకొని పోవుట కలదు. బరువు మోయు పిడికి రెండు సూదుల కుట్టే యుత్తమము. దారము నారదారమైనను పాలియెస్టరుదైనను కావచ్చును, తేనెమైనముతో రుద్దినదై యుండవలెను. నూలుదారము చెమటకు చివుకును. క్షణములో అంటుకొను జిగురును దరికి రానీయకుడు. అది రాయివలె గట్టిపడి, వంచినపుడు తోలునే చీల్చును.

అన్నిటికంటె ముఖ్యమయిన మాట: పాతచిల్లులలోనే కుట్టుమని చెప్పుడు. గుడ్డలో సూది చేసిన చిల్లి మూసికొనును. తోలులో చేసినది ఎన్నటికిని మూసికొనదు. పాతచిల్లుల నడుమ క్రొత్తచిల్లులు పొడిచిన, తపాలాబిళ్లల నడుమ చించుటకు వేసిన చిల్లుల వరుసవలె అగును. తరువాత అచ్చటనే చినుగును.

ఇక ఈ పని యెవరు చేయుదురని ప్రశ్న. తోలుపని యెరిగినవారు మన పట్టణములలో ఇంకను కలరు. తాతతండ్రులనాటి పని, చేతితో తడివి చూచి ఇది మేకతోలు, ఇది దూడతోలు అని చెప్పగలవారిని నేనెరుగుదును. లక్ష రూపాయల సంచిని పట్టుబట్టలప్రక్క దాచుకొని, దానిని కుట్టవచ్చిన మనిషిని వాకిటనే నిలువబెట్టి, పదిరూపాయలకు బేరమాడు ఇండ్లను గూడ నెరుగుదును. ఆ సంచిని పారిసున కుట్టినవానిని శిల్పి యందురు. ఇచట దానిని బాగుచేయువానికి ఆ పేరు ఎందుకు చెల్లదో నాకు తెలియదు. కుర్చీ వేసి కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, కూలి ముందుగా మాటాడుకొని, తొందరపెట్టక చేయించుకొనుడు. ముందు ఒక పాత తోలు బెల్టుముక్కమీద నాలుగు కుట్లు వేసి చూపుమని మర్యాదగా అడుగుటలో తప్పు లేదు. పనివాడు దానికి నొచ్చుకొనడు, సంతోషించును.

కుట్లు బిగింపకముందు మరియొకటి చూడవలెను. పిడి అంచును గోటితో మెల్లగా గీకినపుడు ఎఱ్ఱని పొడి రాలెనేని, తోలు లోలోపల జీర్ణించినదని యర్థము. మావారి పాఠశాల గ్రంథాలయమున పాత ఇంగ్లీషు నిఘంటువుల తోలు అట్టలు ఇట్లే ముట్టుకొన్న చేతికి కావివన్నె పొడి అంటించును. అట్టి తోలునకు కుట్టు నిలువదు. బరువు వేయక అలమారులో దాచుకొనవలసినదే. మీ సంచి అంత పాతది కాదు గనుక ఆ భయము పెట్టుకొనకుడు.

దాచునపుడు ప్లాస్టికు సంచి వాడరాదు. తేమ లోపలనే చిక్కుకొనును. లోపల అచ్చువేయని తెల్లకాగితము ఉండలుగా చుట్టి నింపి, ఉతికిన పాత నూలుచీర ముక్కలో వదులుగా చుట్టి, పిడి మడతపడకుండ నిలువుగా నుంచుడు. వార్తాపత్రిక కాగితము వద్దు. దాని సిరా లోని గుడ్డకు అంటును. చెప్పుల పెట్టెలలో వచ్చు సిలికా పొట్లములు పారవేయక రెండు మూడు లోపల వేసి, వానకాలమున మార్చుచుండుడు. నెలకొకసారి బయటికి తీసి గాలి తగులనిచ్చిన చాలును.

జరీ నల్లబడుటను గూర్చి ముగ్గురు సోదరీమణులు అడిగియున్నారు. దానికి వచ్చే నెల ప్రత్యుత్తరము వ్రాసెదను.