మొక్కల రంగుకూ పరీక్ష తప్పదు

సూరత్ చీరల వ్యాపారం వెనుక తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీల చెమట ఎంతో ఉంది. లింబాయత్ వంటి పేటల్లో ఆడవాళ్లు చీరలకు రాళ్లు అంటిస్తూ పీసు లెక్కన కూలి సంపాదిస్తారు. మొక్కలతో, మట్టితో కుంకుమ, హోలీ రంగులు, ముఖానికి పూసుకునే రంగులు చేయడం వారికి మరో ఉపాధి కాగలదు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుంది. జాఫ్రా గింజలు నారింజ ఎరుపునిస్తాయి. గుజరాతీలు కేసుడో అనే మోదుగపూల కషాయంలో పటిక వేసి, కచ్‌లో దొరికే చైనా క్లేకు పట్టించి ఆరబెడితే పసుపు పొడి తయారవుతుంది. మొక్కల రంగులకు గిరాకీ ఉంటుందని ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇప్పటికే చూపించాయి. అయితే ఈ సరుకు ‘సహజం’ అన్న ముద్రతో కాదు, పరీక్ష ఫలితంతో అమ్ముడుపోవాలి.

ఎందుకంటే సీసం, ఆర్సెనిక్ కూడా భూమిలో పుట్టినవే. మట్టితో పాటు అవీ రావచ్చు. పసుపు కొమ్ములకు మెరుపు కోసం సీసం క్రోమేట్ పూసే కల్తీ దక్షిణాసియాలో బయటపడింది. ఆ పసుపుతో చేస్తే ఇంటి కుంకుమలోనూ విషం చేరుతుంది. 2017లో అమెరికా పరిశోధకులు న్యూజెర్సీలోనూ మన దేశంలోనూ కొన్న 118 సిందూరం నమూనాలను పరీక్షిస్తే, కొన్నింటిలో సీసం గ్రాముకు 20 మైక్రోగ్రాములు దాటింది. మన నిబంధనలు కూడా సౌందర్య సాధనాల్లో వాడే సహజ రంగులకు సీసం విషయంలో ఆ 20 మైక్రోగ్రాములనే పరిమితిగా పెట్టాయి.

అమ్మమ్మలు ఏ ల్యాబుకు వెళ్లారని అడగవచ్చు. వాళ్లు తమకు తెలిసిన పసుపుతో తమ ఇంటికే చేసుకున్నారు. బజారులో కొనేవారికి ఆ భరోసా లేదు. పరీక్షలు, లైసెన్సుల ఖర్చు ఈ రంగులు చేసే చిన్న మహిళా సంఘాలను ముంచుతుందన్న అభ్యంతరంలో మాత్రం బలముంది. దానికి విరుగుడు నిబంధన సడలించడం కాదు, ఖర్చు పంచుకోవడం. ఒక పేటలోని సంఘాలన్నీ ముడిసరుకు కలిపి కొని, విడతకొక నమూనా పంపితే భారం తగ్గుతుంది; మిగిలింది ప్రభుత్వం భరించాలి. ఇక మొక్కల రంగు ఎండకు త్వరగా వెలుస్తుందన్నది నిజమే. ఒక పూట పెట్టుకుని కడిగేసే రంగుకు అది లోపం కాదు. తేదీ వేసి, తక్కువ మోతాదులో, తాజాగా అమ్మితే సరిపోతుంది. రసాయన రంగులో విషముందా అని అనుమానించే కొనుగోలుదారు మొక్కల రంగునూ అదే ప్రశ్న అడగాలి. జవాబు చీటీ మీద ముద్రించి ఇవ్వగలిగిన సంఘానికే ఆ బజారు నిలుస్తుంది.