గ్యాస్ రాకకు లెక్కలు, పొగ పోకకు మౌనం

సూరత్‌ను ఆనుకొని ఉన్న హజీరాకు దేశ ఇంధన చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఉత్తర భారతానికి సహజవాయువును మోసుకెళ్లే హజీరా-విజయ్‌పూర్-జగదీశ్‌పూర్ పైపులైను అక్కడే మొదలవుతుంది. 2005లో ద్రవీకృత సహజవాయువు టెర్మినల్ కూడా అక్కడే వెలిసింది. వంటింటికి పైపు ద్వారా గ్యాస్ అందించడంలో దేశంలోని అనేక నగరాల కంటే సూరత్ ముందు నడిచింది. గుజరాత్ నమూనాను కీర్తించేవారు ఈ పైపులను గర్వంగా చూపిస్తారు. కానీ ఆ పైపు చివరనో, సిలిండరు చివరనో స్నానాల గదిలో మండే గీజరు నుంచి వెలువడే పొగ ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం పాలకుల చెవికి ఎక్కడం లేదు.

చలికాలం వస్తే చాలు, స్నానానికి వెళ్లినవారు తిరిగి రాలేదన్న వార్తలు గుజరాత్ పత్రికల్లో కనిపిస్తాయి. తలుపు పగలగొట్టేసరికి ప్రాణం పోయి ఉంటుంది. పోలీసులు ప్రమాదవశాత్తూ మరణమని నమోదు చేసుకుంటారు, అంతటితో దస్త్రం మూతపడుతుంది.

నిజానికి ఇందులో అంతుచిక్కని రహస్యమేమీ లేదు. నిమిషానికి 6 లీటర్ల నీటిని వేడి చేసే గీజరు, మామూలు వంట బర్నరు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ గ్యాస్‌ను మండిస్తుంది. పొగ గొట్టం లేని గీజరు ఆ పొగనంతా గదిలోకే వదులుతుంది. వెంటిలేటరు మూసి ఉన్న ఇరుకు గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట అసంపూర్తిగా మండి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గ్యాస్ లీకయితే జనం గుర్తించాలని అందులో వాసన కలుపుతారు. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ప్రమాదం తెలిసేలోపే కాళ్లు పట్టు తప్పుతాయి, గడియ తీయడానికి చెయ్యి లేవదు. బతికి బయటపడినవారిలో కనిపించే మూర్ఛ వంటి లక్షణాలకు మన నాడీ వైద్యులు ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టారు. వైద్యశాస్త్రం పేరు పెట్టిన ప్రమాదానికి పాలనలో ఒక గడి కూడా దొరకలేదు.

జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే ప్రమాద మరణాల నివేదికలో వంటగ్యాస్ సిలిండరు పేలుళ్లకు ప్రత్యేక పద్దు ఉంది, గీజరు పొగకు లేదు. చమురు సంస్థల ప్రజా బాధ్యత బీమా కింద మృతుడికి 6 లక్షల రూపాయల పరిహారం ఉందని కేంద్రం పార్లమెంటుకు చెబుతూ వచ్చింది. అయితే అది గ్యాస్ ప్రధాన కారణంగా అగ్నిప్రమాదం జరిగినప్పుడు వర్తించేది. మంటలు చెలరేగకుండా, గోడకు మసి కూడా అంటకుండా పోయిన ప్రాణం ఏ పద్దులోకి వస్తుంది? నగరాల్లో గ్యాస్ పంపిణీ హక్కులకు వేలం వేసేటప్పుడు పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి ఎన్ని కనెక్షన్లు ఇస్తారని అడుగుతుంది. 2016లో మొదలైన ఉజ్వలలోనూ ఘనత అంతా కనెక్షన్ల సంఖ్యదే. గ్యాస్ ఇంట్లోకి రావడం ప్రభుత్వ విజయమైతే, దాని పొగ ఇంట్లోంచి బయటికి పోవడం పౌరుడి సొంత వ్యవహారం ఎలా అవుతుంది?

వాడేవారి అజాగ్రత్తే కారణమన్నది సిద్ధంగా ఉండే జవాబు. సూరత్‌లో ఆ జవాబు చెప్పడానికి కాస్త సిగ్గుండాలి. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో అద్దె ఇళ్లలో బతికేది మరమగ్గాల కార్మికులు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలూ వారిలో ఉన్నాయి. అద్దెకున్నవాడు గోడకు కన్నం పెట్టి పొగ గొట్టం బిగించగలడా? యజమాని ఏ గది చూపితే అందులో ఉండాలి, అతను ఎక్కడ గీజరు తగిలిస్తే అక్కడే స్నానం చేయాలి.

కట్టుబాట్లు పెడితే పేదవాడి వేడినీళ్లు ఖరీదవుతాయన్నది రెండో వాదన. కరెంటు బిల్లుకు భయపడే ఇంటికి గ్యాస్ చవక అన్నది నిజమే. అయితే ఇక్కడ అడుగుతున్నది గ్యాస్‌ను నిషేధించమని కాదు. గీజరును స్నానాల గది బయట, గాలి ఆడే చోట బిగించి, నీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తీసుకుపొమ్మని, పొగను గొట్టం ద్వారా ఆరుబయటికి పంపమని. దానికయ్యే ఖర్చు భరించాల్సింది అద్దె తీసుకునేవాడు, గీజరు అమ్ముకునేవాడు.

బ్రిటన్ ఈ పని ఎప్పుడో చేసింది. అక్కడి 1998 గ్యాస్ భద్రత నిబంధనల ప్రకారం స్నానాల గదిలో పెట్టే గ్యాస్ పరికరం గదిలోని గాలితో సంబంధం లేకుండా బయటి గాలినే తీసుకుని, పొగను బయటికే వదలాలి. ఇంటి యజమాని ఏటా అర్హుడైన నిపుణుడితో తనిఖీ చేయించి, ఆ పత్రాన్ని అద్దెదారుకు ఇవ్వాలి. జపాన్‌లో పాలోమా సంస్థ గీజర్ల వల్ల 1985-2005 మధ్య 21 మంది మరణించిన సంగతి 2006లో బయటపడింది. అప్పటిదాకా అవి ఊరికొకటిగా జరిగిన విడి ప్రమాదాలే. వాటిని ఒకచోట చేర్చి చూశాకే, మరమ్మతుల్లో భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేసిన తప్పు తేటతెల్లమైంది. చట్టం మారింది, తీవ్ర ప్రమాదాలను ప్రభుత్వానికి నివేదించడం తయారీదారుల విధి అయింది. సంస్థ మాజీ అధ్యక్షుడిని 2010లో టోక్యో కోర్టు దోషిగా తేల్చింది.

సూరత్‌కూ ఈ పాఠం కొత్త కాదు. 2019 మే 24న తక్షశిల ఆర్కేడ్ అగ్నిప్రమాదంలో 22 మంది విద్యార్థులు చనిపోయాక రాష్ట్రమంతటా కోచింగ్ కేంద్రాల తలుపులు మూయించి తనిఖీలు జరిపారు. ఒకేచోట, కెమెరాల ముందు పోయిన ప్రాణాలు ప్రభుత్వాన్ని కదిలించాయి. మూసిన తలుపుల వెనుక ఒక్కొక్కటిగా పోయేవి కదిలించడం లేదు.

సూరత్ నగరపాలక సంస్థ పొగ దారి చూడకుండా కొత్త భవనానికి వినియోగ అనుమతి ఇవ్వకూడదు. గ్యాస్ సంస్థలు గీజరు బిగింపును శిక్షణ పొందిన మెకానిక్కు సంతకం లేకుండా అంగీకరించకూడదు. అద్దె ఇళ్ల తనిఖీ భారం యజమానిపై పడాలి. వీటన్నిటికంటే ముందు కేంద్రం ఈ మరణాలకు తన నివేదికలో ఒక పద్దు తెరవాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. వచ్చే చలికాలం లోపు చేయగలిగిన పని అది.