మ్యూసిన్ సైజులో కిడ్నీ చిక్కు

మ్యూకస్ అనగానే జలుబు, కళ్లె గుర్తొచ్చి ముఖం చిట్లిస్తాం. కానీ ముక్కు నుంచి పేగుల దాకా లోపలి గోడలకు కాపలా అదే. అందులోని మ్యూసిన్లు ప్రొటీన్ దారానికి చక్కెర గొలుసులు వేలాడే భారీ అణువులు. వాటి కుటుంబంలోనిదే ఎంయూసీ1. ఇది మాత్రం జిగురులో కలిసిపోక కణాల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కిడ్నీ నాళికల్లోనూ ఉంటుంది.

దీని సైజు అందరిలో ఒకటి కాదు. 1983లో లండన్ శాస్త్రవేత్త డల్లాస్ స్వాలో, సహచరులు మనుషుల మూత్రంలో ఈ సంగతి పట్టుకున్నారు. అందుకు వాడిన పనిముట్టు వేరుశనగ గింజల్లోని లెక్టిన్ అనే ప్రొటీన్! చాలామందిలో రెండు సైజులు కనిపించాయి. ఒకటి తల్లి ఇచ్చింది, మరొకటి తండ్రి ఇచ్చింది. కారణం తర్వాత తేలింది. ఈ జన్యువులో 60 అక్షరాల ముక్క ఒకటి భజనలో పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. కొందరిలో 20 సార్లు, కొందరిలో 100కు పైగా.

పల్లవి ఎన్నిసార్లు వచ్చిందన్నది దానంతటది జబ్బు కాదు. ఒక పల్లవిలో ఒక అక్షరం ఎక్కువైతేనే ముప్పు. అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2013లో ఆరు కుటుంబాల్లో సరిగ్గా అదే చూశారు. 'సి' అనే అక్షరం ఒకటి అదనంగా చేరి, అక్కడి నుంచి ప్రొటీన్ అంతా తప్పుగా తయారవుతోంది. ఆ చెత్త కిడ్నీ కణాల్లో పేరుకుంటుంది. మూత్రంలో రక్తం కనిపించదు, ప్రొటీన్ పెద్దగా పోదు. కిడ్నీలు మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగా దెబ్బతింటాయి.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపముంటే ఒక్కో బిడ్డకూ సగం అవకాశం ఉన్నట్టే. మన దేశంలో కిడ్నీ ఇచ్చేది ఎక్కువగా రక్తసంబంధీకులే కాబట్టి అసలు ఇబ్బంది ఇక్కడే. తండ్రికి కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చిన కొడుకు ఇవాళ్టి రక్తపరీక్షలన్నీ నెగ్గవచ్చు. జన్యుపరీక్ష రిపోర్టూ 'నెగెటివ్' అనవచ్చు. మామూలు సీక్వెన్సింగ్ డీఎన్ఏను చిన్న తునకలుగా చదివి అతుకుతుంది. పల్లవులన్నీ ఒకేలా ఉంటే ఏ తునక ఎక్కడిదో దానికి తెలియదు. ఆ అదనపు అక్షరం అలా తప్పించుకుంటుంది.

దాన్ని ప్రత్యేకంగా వెతికే పరీక్షలున్నాయి, అడగాలంతే. షుగరు, బీపీ లాంటి కారణమేదీ లేకుండా తాతకూ, మేనత్తకూ, తండ్రికీ వరసగా కిడ్నీలు పోయిన ఇంట్లో, దాత సంతకం చేయకముందే నెఫ్రాలజిస్టును అడగాల్సిన ప్రశ్న ఇది: ఎంయూసీ1 పల్లవుల లోపల కూడా చూశారా?