అవ్వ దగ్గరే ఆవు ఉండాలి

ధర్మం చేసే గుణం మన పల్లెలకు కొత్త కాదు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టినవారు, దారి పక్కన పశువులకు రాతి తొట్లు కట్టించినవారు, బరువు దించుకునేందుకు సుమైతాంగి రాళ్లు నిలిపినవారు మన పెద్దలే. ఊరికొక గుడి, గుడికొక మాన్యం, పండుగకొక అన్నదానం నేటికీ జరుగుతూనే ఉన్నాయి. అయితే ఒక ధర్మాన్ని గురించి మాత్రం మనం ఇంకా తీరికగా ఆలోచించలేదు. దిక్కులేని మనిషికి తోడుగా ఉన్న మూగజీవిని ఆ మనిషి దగ్గరే ఉండేటట్లు చూడడమే ఆ ధర్మం.

పెద్దతిప్పసముద్రం పేరులో సముద్రం ఉన్నా, మన బతుకంతా ఆకాశం వైపు చూసే బతుకే. వాన పడితే వేరుశెనగ, పడకపోతే వలస. ములకలచెరువు, బి.కొత్తకోట, తంబళ్లపల్లె పల్లెల్లోనూ ఇదే పరిస్థితి. వయసులో ఉన్నవారు బెంగళూరుకు పోయి కట్టడం పనుల్లోనో, హోటళ్లలోనో, కాపలా కొలువుల్లోనో కుదురుకుంటున్నారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలి తల్లి, లేక ముసలి తండ్రి. వారికి తోడు ఒక ఆవో, రెండు మేకలో, నాలుగు కోళ్లో, గడప దగ్గర పడుకునే ఒక కుక్కో.

పట్టణంవారు వీటిని పెంపుడు జంతువులు అంటారు. మన పల్లెల్లో ఆ మాట వాడుకలో లేదు. పేరు పెట్టి పిలుస్తాం, అంతే. తెల్లవారితే లేచి దానికింత కసువు వేయాలి, నీళ్లు పెట్టాలి అన్న పని ఉన్నందువల్లనే మంచం దిగే ముసలివారు ఎందరో ఉన్నారు. రాత్రిపూట కుక్క మొరిగితే ఆ ఇంట్లో మనిషి ఉన్నట్లు ఊరికి తెలుస్తుంది. మాట్లాడడానికి మనిషి లేనప్పుడు మాట వినేది ఆ ఆవే. దీనిని తక్కువగా చూడరాదు.

మూడు ఆపదలు

ఈ తోడు మూడు విధాలుగా తెగిపోతున్నది. మొదటిది కరువు. వాన లేకపోతే మేత లేదు. 2002లో దేశమంతటా వచ్చిన కరువును రాయలసీమ ఇంకా మరచిపోలేదు. భూమి ఉన్నవాడికి పాత వామి ఎంతో కొంత ఉంటుంది. భూమి లేని ముసలమ్మకు గట్టు మీద మొలిచిన గడ్డే ఆధారం. గట్టు ఎండితే ఆవు సంతకు పోవలసిందే. అందరూ ఒకేసారి అమ్మే రోజుల్లో అంగళ్లు సంతలోనైనా, పుంగనూరు సంతలోనైనా ధర పలకదు. వానలు పడి మళ్లీ కొందామంటే అప్పుడు ధర అందదు. అంటే కరువులో పోయిన ఆవు ఆ ఇంటికి తిరిగి రాదు.

రెండవది జబ్బు. ఇది బయటికి కనబడని ఆపద. మదనపల్లె ఆస్పత్రిలో పది రోజులు ఉండాలని, లేదా తిరుపతికి పోయి ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడనుకుందాం. ఒంటరి ముసలమ్మ నోట మొదట వచ్చే మాట, "నేను పోతే ఆవును ఎవరు చూస్తారు నాయనా?" అన్నదే. ఖర్చుకు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉండవచ్చు, తోడు పోవడానికి బంధువు ఉండవచ్చు. కాని పది రోజులు గడ్డి వేసి నీళ్లు పెట్టే చేయి లేక చికిత్స వాయిదా పడుతుంది. వాయిదా వేసిన జబ్బు ముదురుతుంది. ఒక మోపు గడ్డితో తీరే సమస్య మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

మూడవది వలస. కుటుంబం మొత్తం బెంగళూరుకు కదిలినప్పుడు ఒక్క గదిలో కుక్కకు చోటు ఎక్కడిది? ఇంటికి తాళం పడుతుంది, కుక్క వాకిట్లో మిగిలిపోతుంది. కొన్నాళ్లు ఆ వాకిలిని కాచి, తరువాత ఆకలికి వీధుల పాలవుతుంది. ఆ తరువాత దానిని ఊరకుక్క అని రాళ్లతో కొట్టేవారం కూడా మనమే. ఆహారం, నీళ్లు లేక బాధపడే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలివేయడం 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు ఆ చట్టం చెప్పిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కాని చాలా ఇళ్లలో వదిలిపెట్టినవారు కఠినులై వదలలేదు, గతి లేక వదిలారు. గతి లేనివారికి జరిమానా కంటే సాయం అవసరం.

పుంగనూరు ఆవు చెప్పే పాఠం

ఈ సంగతి అర్థం కావడానికి మన పుంగనూరు ఆవు కంటే మంచి ఉదాహరణ లేదు. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తు, తక్కువ మేత, వెన్న ఎక్కువగా ఉండే పాలు, ఎండకు ఓర్చుకునే ఒళ్లు. పేదవాని పెరటి కోసమే దేవుడు పుట్టించాడా అన్నట్లుండే జాతి ఇది. అటువంటి జాతి మన కళ్ల ముందే కరిగిపోయింది. ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులు రావడం ఒక కారణం. ప్రతి కరువులోనూ చిన్న ఇళ్లలోని పశువులు చేతులు మారిపోవడం మరొక కారణం. చివరికి పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడే పని చేపట్టవలసి వచ్చింది.

నేడు అదే ఆవు పెద్ద నగరాల్లో ముద్దుబిడ్డ. లక్షలు పోసి కొని ఇంట్లో తిప్పుకుంటున్నారు. 2024 సంక్రాంతి సమయంలో ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫోటోలు దేశమంతా చూసింది. మన పేరు మోసిన ఆవుకు ఆ గౌరవం దక్కినందుకు సంతోషమే. కాని మన పల్లెలో ముసలమ్మ పెరట్లో ఉండవలసిన ఆవు ఇప్పుడు ఆమె కొనలేని వస్తువైపోయింది. ఉన్ననాడు నిలుపుకోవడానికి కాస్త చేయూత ఉండి ఉంటే ఇన్ని పెరళ్లు ఖాళీ అయ్యేవి కావు. ఉన్నదానిని నిలబెట్టడం సులువు, పోయినదానిని తిరిగి తేవడం కష్టం.

ఇతర చోట్ల ఏమి చేశారు?

ఇటువంటి సాయం మన ఊహ మాత్రమే కాదు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న 1917లో లండన్ నగరంలోని వైట్‌చాపెల్ అనే పేదల పేటలో మరియా డికిన్ అనే మహిళ ఒక నేలమాళిగలో ఉచిత పశువైద్యశాల తెరిచింది. డాక్టరుకు డబ్బివ్వలేని కూలీలు తమ కుక్కలను, పిల్లులను, బండి లాగే గాడిదలను అక్కడికి తెచ్చుకునేవారు. ఆమె మొదలుపెట్టిన సంస్థ నూరేళ్లు దాటి నేటికీ పేదల జంతువులకు వైద్యం చేస్తున్నది. అదే దేశంలో 1985లో పుట్టిన సినమన్ ట్రస్టు పని ఇంకా మన సమస్యకు దగ్గర. ముసలివారు, తీరని జబ్బుతో ఉన్నవారు తమ జంతువుకు దూరం కాకుండా చూడడమే దాని ధ్యేయం. యజమాని నడవలేకపోతే ఇరుగుపొరుగు కార్యకర్త వచ్చి కుక్కను తిప్పుతాడు. యజమాని ఆస్పత్రిలో ఉంటే తన ఇంట్లో పెట్టుకుని చూస్తాడు. యజమాని మరణిస్తే ఆ జంతువుకు ముందుగా అనుకున్న ప్రకారం నీడ చూపిస్తారు.

మన దగ్గర కూడా మంచి సంస్థలకు లోటు లేదు. అమల అక్కినేని 1992లో హైదరాబాదులో బ్లూక్రాస్‌ను ప్రారంభించారు. కదిరి దాటి పోతే పుట్టపర్తిలో 2000లో ఏర్పడిన కరుణా సొసైటీ ఉన్నది. గాయపడిన పశువులకు, కుక్కలకు, గాడిదలకు అక్కడ వైద్యం, ఆశ్రయం దొరుకుతున్నాయి. ఆవుల కడుపుల్లో పేరుకుపోతున్న ప్లాస్టిక్ సంచుల విషయమై 2012లో సుప్రీంకోర్టు దాకా పోయినది ఆ సంస్థే. ఇటువంటివారికి మనం చేతనైనంత ఇవ్వడం న్యాయం. పెండ్లిలో ఒక వరుస టపాకాయలు తగ్గించినా కొన్ని పశువుల వైద్యం జరుగుతుంది.

అయితే ఇక్కడొక తేడా గమనించాలి. గోశాలలైనా, ఆశ్రయాలైనా చాలావరకు చేసేది దిక్కులేనిదైపోయిన జంతువును చేరదీయడం. అది పుణ్యకార్యమే, కాదనలేం. కాని జంతువు దిక్కులేనిది కాకముందు ఒక మెట్టు ఉన్నది. ఆ మెట్టు మీద పట్టుకోగలిగితే గోశాల దాకా పోవలసిన పని ఉండదు. ఆవును గోశాలకు పంపితే ఆవు బతుకుతుంది, కాని అవ్వ ఒంటరిదవుతుంది. గడ్డిని అవ్వ ఇంటికి పంపితే ఇద్దరూ బతుకుతారు. ఖర్చు కూడా తక్కువే. కొట్టం కట్టనక్కరలేదు, కూలి మనిషిని పెట్టనక్కరలేదు. కొట్టమూ ఉన్నది, కనిపెట్టుకుని ఉండే మనిషీ ఉన్నది. కావలసింది ఆపదలో కొద్దిపాటి ఆసరా.

కొన్ని సందేహాలు

"మనుషులకే దిక్కు లేదు, జంతువులకు ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. ఈ సాయం అందేది మనిషికే. ఆవు నిలిస్తే పూటకింత పాలు, నెలకు నాలుగు రూకలు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైనా, మందులకూ సరుకులకూ పోగా మేత కొనేందుకు మిగిలేది తక్కువ. పైగా జంతువును చూసుకునేవారు ఉన్నారన్న ధైర్యంతోనే ముసలివారు సకాలంలో ఆస్పత్రికి పోతారు.

"కుక్కలను కూడా పోషించమంటారా, కరిస్తే ఎవరు బాధ్యులు?" అని మరికొందరు అడుగుతారు. ఇది అడగవలసిన ప్రశ్నే. పిచ్చికుక్క కాటు రోగం లక్షణాలు ఒకసారి బయటపడితే దాదాపు ఎవరూ బతకరు. అందుకే ప్రతి కుక్కకూ ఏటేటా టీకా వేయించాలి. యజమాని ఉన్న కుక్కను పట్టి టీకా వేయించడం సాధ్యం, వదిలేసిన కుక్కను పట్టడమే కష్టం. కనుక కుక్కను ఇంటికి కట్టుబడి ఉండేటట్లు చేయడం ఊరి క్షేమానికే. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. వెనుకటి రోజుల్లో బొడ్డు చుట్టూ వేసిన 14 సూదుల భయం ఇప్పుడు పనిలేదు. నేడు చేతికే కొద్ది సూదులతో సరిపోతుంది. పసరు, కారం, సున్నం పూయడం మాత్రం మానాలి.

"డబ్బు పోగైన చోట తగవు పుడుతుంది" అన్న అనుమానమూ సహజమే. అందుకు మందు, డబ్బు కంటే వస్తువునే పోగు చేయడం. మోపు గడ్డిని దాచుకుని ఎవరూ మేడలు కట్టలేరు. తప్పనిసరై డబ్బు చేరితే ఆ లెక్కను నెలకొకసారి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి.

లెక్క వేసి చూద్దాం

ఒక చిన్న నాటు ఆవుకు రోజుకు సుమారు 6 కిలోల ఎండుమేత కావాలి. యజమాని 20 రోజులు ఆస్పత్రిలో ఉంటే 120 కిలోలు. ఊరిలో 200 గడపలుంటే, వేరుశెనగ కట్టె వామి వేసే రోజున గడపకు 5 కిలోల చొప్పున తీసి ఒక చోట వేస్తే 1,000 కిలోలవుతుంది. ఎనిమిది ఆవులను 20 రోజుల పాటు కాపాడడానికి అది చాలు. రాగి కసువు, ఉలవ కట్టె, వరిగడ్డి ఏది ఉన్నవారు అది ఇవ్వవచ్చు. ఇంటికి 5 కిలోలు బరువు కాదు. బీదవారు ఇవ్వకపోయినా లోటు రాదు, ఉన్నవారు పది కిలోలిస్తారు. తడవని చోటు చూసి వామి వేయడం, చెద పట్టకుండా కింద రాళ్లు పరచడం మన రైతులకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

గడ్డి తరువాత కావలసింది చేయి. వీధికి ఇద్దరు యువకులు, లేదా పొదుపు సంఘం మహిళలు ఇద్దరు పూనుకుంటే చాలు. తమ వీధిలో ఒంటరిగా ఉన్న ముసలివారు, వికలాంగులు ఎవరెవరు, వారి దగ్గర ఏ జంతువు ఉన్నది అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఆ మనిషి మంచాన పడితే గడ్డి వేయడం, పాలు పితకడం, మేకలను మందతో తోలడం వంతుల వారీగా చూడాలి. పితికిన పాల డబ్బు మాత్రం పైసాతో సహా యజమానికే చేరాలి. ఆ నియమం తప్పితే నమ్మకం పోతుంది, నమ్మకం పోతే పథకమే పోతుంది.

ఇక వైద్యం. 2022 మే నెలలో రాష్ట్రంలో 175 పశువుల అంబులెన్సులు మొదలైనాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే బండి ఇంటి దగ్గరికి వస్తుంది. ఫోను చేయడం రాని ముసలివారికి ఆ ఒక్క ఫోను చేసిపెట్టడం కూడా ధర్మమే. గాలికుంటు టీకాలు వేసే రోజున ఆవును తోలుకుపోలేని ఇంటికి మనమే పోయి తోలుకు రావాలి.

చివరి మాట ఒకటి చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. తాము పోయిన తరువాత ఆవు గతి ఏమిటన్న బెంగ ముసలివారికి ఉంటుంది. బతికుండగానే, "ఇది ఫలానా ఇంటికి పోవాలి" అని వారిచేత చెప్పించి, ఆ ఇంటివారి చేత ఒప్పించి నోటు పుస్తకంలో రాసిపెట్టాలి. కర్మాంతరం నాటికి ఆవును కటికవానికి తోలారన్న మాట ఊరికి రాకూడదు.

సర్పంచులు, పొదుపు సంఘాలవారు, పాల కేంద్రాలవారు, బెంగళూరులో స్థిరపడి అమ్మానాన్నలను ఊళ్లో ఉంచిన యువకులు ఈ విషయాన్ని ఆలోచించవలసిందిగా కోరుతున్నాము. నెలకు ఇంత అని ఇంటికి డబ్బు పంపేవారు, ఆ డబ్బుతోపాటు ఊరి వామికి ఒక బండి గడ్డి ధర పంపితే తమ ఇంటికే కాక పది ఇళ్లకు నీడ అవుతుంది. వచ్చే వేరుశెనగ కోతల్లో కట్టె ఎండి వామి వేసే వేళకు ఏ ఒక్క పల్లె అయినా ముందుకు వచ్చి మొదటి మోపు వేస్తే, మిగతా పల్లెలు దాని వెనుక నడుస్తాయి.