పిండిమర వ్యాజ్యం

మా చెల్లెలికి పిండిమర ఉంది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ మరే చదివిస్తున్నది. పిండి పట్టేది తనే, డబ్బులు లెక్కపెట్టుకునేది తనే.

ఒక డిసెంబరు ఆఖరులో మోటారు కాలిపోయింది. మెకానిక్కుకిస్తే, నాలుగు రోజులన్నవాడు సంక్రాంతి దాటించి మరీ ఇచ్చాడు. అరిసెలకు తడిబియ్యం పట్టుకొచ్చినవాళ్లంతా మూసిన తలుపు చూసి పక్కవీధికి పోయారు. ఏడాదిలో ఆ పది పదిహేను రోజులే చెల్లెలికి పంట.

"అన్నయ్యా, నువ్వు తెలుగు ఎమ్మే చదివావు. గట్టిగా ఒక అర్జీ రాసిపెట్టు" అంది. మూడు పేజీలు రాశాను. పక్కింటి ప్లీడరుగారు చదివి, "శైలి బాగుంది మాస్టారూ. తారీఖులేవీ?" అన్నారు.

ఆ పూట పాఠం నాకే అయింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం సేవ పొందినవాళ్లు వినియోగదారులు కారు. కాని కేవలం బతుకుతెరువు కోసం స్వయంగా పనిచేసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. కనుక చెల్లెలు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండేళ్లలోగా వెళ్లాలి. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ప్లీడరు ఉండి తీరాలనీ లేదు. ఆ మాట చెప్పిందీ ప్లీడరుగారే!

ఇక నష్టం లెక్క. రోజువారీ రాబడితోపాటు, చేజారిన ఒక పెళ్లివారి బేరం కూడా కలిపింది చెల్లెలు. ప్లీడరుగారు నవ్వి ఒక కథ చెప్పారు. ఇంగ్లండులో గ్లాస్టరు ఊళ్లో ఒక పిండిమర ఇరుసు విరిగింది. కొత్తదానికి నమూనాగా దాన్ని గ్రీనిచ్‌కు పంపిస్తే, రవాణావాళ్లు ఆలస్యం చేశారు. మర ఆగిపోయి పోయిన లాభం వాళ్లమీద వేయరాదన్నది కోర్టు, 1854లో. ఆ సంగతి వాళ్లకు ముందుగా తెలియదు కనుక! మన 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షనులోనూ మర ఉదాహరణే ఉంది. మర ఆగిందని చెప్పి యంత్రం అప్పగిస్తే, ఆలస్యమైన రోజులకు సగటు లాభం వస్తుంది. అందువల్ల చేజారిన సర్కారు కాంట్రాక్టు నష్టం మాత్రం రాదు.

"మర ఆగిందని అతనికి చెప్పావా, అమ్మా?" అన్నారాయన.

చెల్లెలు సంచిలోంచి రసీదు తీసింది. మెకానిక్కు చేతిరాతే: "మిల్లు ఆగింది. భోగిలోపు ఇవ్వాలి." పక్కన నిలబడి రాయించుకున్నదట. నా మూడు పేజీలూ ఆ ఒక్క ముక్కకు సరిరాలేదు. రోజువారీ రాబడి రాసుకున్న నోటుపుస్తకం రెండో సాక్షి.

కమిషన్ ఆలస్యమైన రోజులకు సగటు రాబడి ఇప్పించింది. పెళ్లివారి బేరం తాలూకు సొమ్ము ఇప్పించలేదు. ఆ బేరం మాట మెకానిక్కుకు ఎవరూ చెప్పలేదు మరి.

మరమ్మతుకు వస్తువిచ్చేటప్పుడు మన అవసరం కూడా చెప్పి, రాయించుకుని రావాలి. మొన్న నా వాచీ బాగుచేయడానికిచ్చి, "సోమవారం పది గంటలకు మాస్టారికి క్లాసు" అని రసీదుమీద రాయమన్నాను. కుర్రాడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు, రాశాడు.