నకలు – నకిలీ

‘నకిలీ’ యను మాట మన ధరూరు ప్రాంతమున విత్తనముల కాలములో తఱచుగా వినవచ్చును. దీని మూలము అరబ్బీలోని ‘నక్ల్’. ఒకచోటినుండి మఱియొకచోటికి చేర్చుట, చూచి వ్రాయుట యని దాని యర్థము. నిజాము రాజ్యమున కచేరీ భాష మొదట ఫారసీ, 1884 నుండి ఉర్దూ. ఆ భాషలనుండియే ‘నకలు’, ‘నకిలీ’ రెండును మన పల్లెలకు వచ్చినవి.

పహాణీ నకలునందు దోషము లేదు. అది తాను నకలునని చెప్పుకొని మొహరుతో నిలుచును. నకిలీ యన్ననో తానే అసలునని బొంకును. దోషము పోలికలో లేదు, దాపరికములో నున్నది.

గిల్టు నగ గుట్టు వన్నె తగ్గగానే బయటపడును. నకిలీ ప్రత్తి విత్తనము గుట్టు పూత కాపు వేళకుగాని తెలియదు. అప్పటికి అదను దాటిపోవును, అప్పు మాత్రము నిలిచియుండును. 1966 నాటి విత్తనముల చట్టమో, తొలి నేరమునకు 500 రూపాయలకు మించని జరిమానా విధించి యూరకున్నది!

కావున రసీదును, లాటు సంఖ్యగల ఖాళీ పాకెట్టును, పిడికెడు విత్తనమును పంట చేతికి వచ్చువఱకు దాచుకొనుడు. మన నడిగడ్డ ప్రత్తి విత్తనమును పండించి దేశమున కిచ్చు సీమ. పరీక్షలో తప్పిన విత్తనమును విడిగా నెవ్వరికిని అమ్మకుండుట మన మొదటి ధర్మము. సంఘములు దీనిని తీర్మానముగా జేసికొనవలెను.